మూడో మలుపు దస్తగిరి

కొండకు సొరంగం పడని కాలం. నల్లగుట్ట కనుమ దాటాలంటే మెలికల రోడ్డు ఒక్కటే ఉన్న కాలం. ఏ సంవత్సరమని అడగొద్దు, చెప్పేవాళ్లు లేరు. ఆ కాలంలో, ఆ కనుమ మూడో మలుపులో, దస్తగిరి అని ఒకడుండేవాడు.

నాలుగు కర్రల మీద పాత టార్పాలిన్ పట్ట, అదీ అతని అంగడి. ఒక రేకుపెట్టె, అదీ అతని ఆస్తి. పెట్టెలో ఒక కటింగ్ ప్లేయరు, కాసింత వైరు, కరెంటు వస్తాందో లేదో చూసేదానికి రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు. పొద్దున కొండ కింద ఊళ్లో పెళ్లాం హుసేనమ్మ కట్టిచ్చిన సంగటి మూటతో నడిచి ఎక్కేవాడు. పొద్దుగూకేసరికి నడిచి దిగేవాడు.

అంతకుముందు అతను ఊళ్లో చెంగల్రాయుడి మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు. ఒకనాడు ఎవరిదో కారు కాగిపోయి వచ్చింది.

"రేడియేటరే పోయింది, మార్చాల్సిందే" అన్నాడు చెంగల్రాయుడు.

దస్తగిరి పక్క బండి కింద నుంచి తల బయటపెట్టాడు. "లేదు సార్, ఫ్యూజు కాలింది. ఫ్యాను తిరగలేదు, అంతే."

కారాయన ఫ్యూజు వేయించుకుని నవ్వుకుంటా పోయాడు. ఆ సాయంత్రమే దస్తగిరి పెట్టె వీధిలో పడింది. అట్లా వచ్చాడు మూడో మలుపుకు.

ఆ మలుపే ఎందుకంటే, బండ్లు కాగేది అక్కడే. కింద నుంచి ఒకటే ఎక్కుడు. బండి ఫస్టు గేరులో మూలుగుతా ఎక్కుతుంది. వేగం ఉండదు కాబట్టి ఎదురుగాలి ఉండదు. రేడియేటరు ముందు ఫ్యాను తిరిగితే సరి. తిరగకపోతే మూడో మలుపుకొచ్చేసరికి పొగలు.

ఓబయ్యకు ఒక అద్దె కారుండేది. ఆ కారు అక్కడ మూడుసార్లు ఆగింది.

మొదటిసారి పెళ్లివాళ్లతో వస్తా ఆగింది. ఓబయ్య దిగీ దిగగానే రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోవద్దన్నా! మొకం ఉడికిపోతాది" అని దస్తగిరి అరిచాడు. ఇంజను ఆపించాడు. బానెట్టు ఎత్తి, బండిని చల్లారనిచ్చాడు. అప్పుడు చెప్పాడు: "ఫ్యాను తిరగలేదంటే మూడు చూడాలన్నా. ఫ్యూజు చూడు, రిలే చూడు, స్విచ్చి చూడు. ఈ మూడూ చూసినాకే మోటారును అనుమానించు."

ఆ రోజు పోయింది ఫ్యూజు.

రెండోసారి గుడికి పోయే ముసలివాళ్లతో ఆగింది. ఫ్యూజు బాగుంది, ఫ్యానుకు కరెంటు అందించే రిలే పోయింది. దస్తగిరి హారన్ రిలే ఊడబెరికి ఫ్యాను రిలే ఉన్నచోట నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"అయితే నా హారన్?"

"ఊరు చేరేదాకా మలుపుల్లో నువ్వే అరుచుకుంటా పో" అన్నాడు దస్తగిరి. ముసలివాళ్లంతా నవ్వారు.

మూడోసారి నవ్వేవాళ్లు లేరు. వెనక సీట్లో ఓబయ్య ఏడేళ్ల కూతురు. ఎర్రతేలు కుట్టింది. ఆసుపత్రి కొండకు అవతల ఉంది. పిల్ల నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. మూడో మలుపులో బండి ఆగింది.

దస్తగిరి ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే చూశాడు, బాగుంది. బండి కిందికి దూరి, రేడియేటరు అడుగున ఉన్న స్విచ్చి తొడుగు పీకాడు. నీళ్లు కాగాయని ఫ్యానుకు చెప్పాల్సింది ఆ స్విచ్చే. దాని రెండు తీగల్నీ ఒక వైరుముక్కతో కలిపాడు. ఫ్యాను తిరిగింది. అతని మోచెయ్యి ఇంజనుకు తగిలి చర్మం ఊడొచ్చింది. అతను చూసుకోలేదు.

"ఇంక ఆగదు. నీళ్లు పోసినా. పోన్నా, పో."

పిల్ల బతికింది.

ఇక్కడి నుంచి కథ మంచిది కాదు. అయినా వినాలి.

షెడ్డుకు బండ్లు తగ్గాయి. చెంగల్రాయుడు ఊళ్లో టీకొట్టు దగ్గర కూర్చుని ఒకే మాట అడిగేవాడు. "బండ్లన్నీ వాని ముందరే ఏంటికి ఆగుతాండాయి? ఈ కొట్టుకాడ మీరు టీ తాగేటప్పుడు వైర్లు పీకేది ఎవరు?"

వాడు పీకాడని ఆయన అనలేదు. అడిగాడంతే. వినేవాళ్లకు అది చాలింది.

ఓబయ్య ఆ బెంచీ మీదే ఉన్నాడు. ఎక్కుడు కాబట్టి ఆగుతాయని చెప్పొచ్చు. నా పిల్లను బతికించాడని చెప్పొచ్చు. కానీ పెళ్లి బాడుగలన్నీ చెంగల్రాయుడి నోటి మాట మీదే వచ్చేవి. ఓబయ్య టీ తాగాడు. అది మొదటిసారి.

వారం తిరగకముందే పదిమంది కొండెక్కారు. పట్ట పీకారు. దస్తగిరిని చెంపల మీద కొట్టారు. "నా తప్పేందో చెప్పండన్నా" అని అతను ఒక్కొక్కరి మొహం చూస్తా అడిగాడు. వాళ్లలో ఉన్న ఓబయ్య మొహం కూడా చూశాడు. ఓబయ్య కొండవైపు తిరిగాడు. రేకుపెట్టె పిట్టగోడ మీద నుంచి లోయలోకి పోయింది. రాళ్లకు తగిలి, తగిలి, తగిలి, చప్పుడు ఆగింది. అది రెండోసారి.

పెట్టె లేకపోతే దస్తగిరికి చేతులు లేనట్టే. మూడు రోజులు లోయలోకి దిగి వెతికాడు. మొదటి రోజు దొరకలేదు. రెండో రోజు దొరకలేదు. మూడో రోజు పెట్టె మూత దొరికింది, వంకరపోయి. ఎండ నడినెత్తికి వచ్చింది. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. రాళ్లు పట్టుకుని రోడ్డు మీదికి ఎక్కి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఊరివైపు దిగడం మొదలుపెట్టాడు.

ఒక లారీ వచ్చింది. చెయ్యెత్తాడు. ఆగలేదు. ఒక జీపు వచ్చింది. చెయ్యెత్తాడు. ఆగలేదు. తర్వాత ఓబయ్య కారు కింద నుంచి ఎక్కుతా వచ్చింది. పక్క సీట్లో చెంగల్రాయుడు, చుట్టాల ఊరికి పోతున్నాడు.

దస్తగిరి ఊరివైపు పోయే మనిషి, కారు అవతలికి పోయేది. అయినా చెయ్యెత్తాడు. అతనికి కావాల్సింది కారు కాదు, నీళ్లు. కారులో నీళ్లున్నాయి. కాగే బండ్లకని నిండు క్యాను పెట్టుకొమ్మని ఓబయ్యకు చెప్పింది అతనే.

"ఆపొద్దు" అన్నాడు చెంగల్రాయుడు.

ఓబయ్య కాలు బ్రేకు దాకా పోయింది. వెనక్కి వచ్చింది. అద్దంలో ఆ చెయ్యి ఇంకా పైకే ఉంది.

అది మూడోసారి.

సాయంత్రం ఖాళీ కారుతో తిరిగొస్తే దస్తగిరి పిట్టగోడకు ఆనుకుని ఉన్నాడు. కూర్చున్నాడనుకున్నాడు ఓబయ్య. క్యాను తీసుకుని పరుగెత్తాడు. నోట్లో పోసిన నీళ్లు పక్కకు కారిపోయాయి. ఎన్ని బండ్లను చల్లార్చాడో ఆ మనిషి, వడదెబ్బకు పోయాడు.

అతను పోయాక కూడా బండ్లు అక్కడే ఆగాయి. అదే మూడో మలుపులో. టీకొట్టులో ఆగిన బండీ ఆగింది, ఆగని బండీ ఆగింది. ఒకాయన మూత తిప్పి మొహం కాల్చుకున్నాడు. చెప్పేవాడు లేడు.

అప్పుడు ఓబయ్య హుసేనమ్మ ఇంటికి పోయాడు. గడప బయటే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, దస్తగిరి ఏ తప్పూ చెయ్యలేదు."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. "నా మొగుడు దొంగ కాదని నాకు చెప్పేదానికి వచ్చినావా అన్నా?"

ఆమె ఒక రాయి ఏరి గడప బయటికి విసిరింది.

"ఆ పొద్దు నీ బండిలో నీళ్లు లేవా?"

"ఉండె."

"నిండుగా ఉండెనా?"

"నిండుగా ఉండె."

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఓబయ్య అక్కడి నుంచి నేరుగా టీకొట్టుకు పోయాడు. ఫ్యూజు సంగతి, రిలే సంగతి, స్విచ్చి సంగతి, పిల్ల సంగతి చెప్పాడు. చివరికి ఎత్తిన చెయ్యి సంగతి చెప్పాడు. ఎవరైనా తిడతారని, కొడతారని చూశాడు. ఎవరూ తిట్టలేదు.

"మాకు ముందే తెలుసు" అన్నాడొకడు.

"వాడట్లాంటోడు కాదని నేను ఆ పొద్దే అనుకుంటి" అన్నాడు ఇంకొకడు. పెట్టెను విసిరింది వాడే.

చెంగల్రాయుడు మూడో మలుపులో అరుగు కట్టించాడు. నీళ్ల తొట్టి పెట్టించాడు. రాతి మీద దస్తగిరి పేరు చెక్కించాడు. కింద తన షెడ్డు పేరు చెక్కించాడు, కొంచెం పెద్ద అక్షరాలతో. హుసేనమ్మను రమ్మని మనిషిని పంపారు. ఆమె రాలేదు. ఆ తర్వాత ఆ ఊళ్లోనే కనపడలేదు.

ఏళ్లు గడిచాయి. కొండకు సొరంగం పడింది. ఆ రాయి మీద రెండు పేర్లూ అరిగిపోయాయి. ఆ వైపు మెకానిక్కులు మాత్రం ఇప్పటికీ, కాగిన బండి వస్తే ముందుగా "దస్తగిరి మూడూ చూసినావా?" అనే అడుగుతారు. ఆయనెవరో గొప్ప ఇంజనీరనుకుంటారు కొందరు. దర్గా స్వామి అనుకుంటారు కొందరు.

ఇంకొకటి ఉంది. పాత కనుమ మీద ఎండలో ఎవరైనా నడుస్తా కనపడితే ఏ డ్రైవరూ దాటిపోడు. చెయ్యెత్తకపోయినా ఆపుతాడు. సీసా బయటికి చాచి, "నీళ్లు తాగుతావా?" అని అడుగుతాడు. వద్దంటే రెండోసారి అడుగుతాడు. వద్దంటే మూడోసారి అడుగుతాడు. అప్పుడు గానీ బండి కదలదు.

వద్దన్నాక కూడా ఎందుకట్లా అడుగుతారని అంటే, "ఈ రోడ్డు మీద అంతే" అంటారు.