చోటు వదిలినా చావనిది

డాక్టర్ హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. వరంగల్‌లో ఆవిడ దగ్గర పాథాలజీ చదివిన మేమంతా ఈ మాట అనుకుని నవ్వుకునేవాళ్లం. అలాంటి గురువు దొరికినందుకు ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నా తోటి విద్యార్థిని నస్రీన్ మాత్రం ఆ బుధవారం నవ్వే స్థితిలో లేదు. వాళ్ల అమ్మికి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. గడ్డ చిన్నదే, కానీ జబ్బు అప్పటికే చంకలోని రెండు గ్రంథులకు పాకింది. సోమవారం నుంచి కీమో పెట్టాలన్నారు. ఎలాగూ పాకాక ఆ బక్కప్రాణాన్ని ఇంకా హింస పెట్టడమెందుకని నస్రీన్ వెనకాడుతోంది. తల్లి నిర్ణయం కూతురికే వదిలేసింది.

“తన చోటు నుంచి ఊడిన కణం తనంతట తానే చచ్చిపోతుందని మీరే చెప్పారు కదా మేడమ్. మరి మా అమ్మి ఒంట్లోవి ఎందుకు చావలేదు?” అని హైమవతి గారిని అడిగింది.

ఆవిడ ఆ సాయంత్రమే నస్రీన్‌ను ఊరి బయట తన మిరపచేనికి తీసుకెళ్లి కలుపు తీయమన్నారు. చేను పని ఆమెకు కొత్త. దుఃఖం, కోపం కలిసి, చేతికందిన ప్రతి కలుపు మొక్కనూ పీకి అక్కడే సాళ్లలో పడేసింది. ఆవిడ చూస్తూనే ఉన్నారు, వద్దనలేదు.

ఆదివారం పొద్దున మళ్లీ వెళ్లారు. పీకిన కలుపంతా మూడు రోజుల ఎండకు వరుగై, పట్టుకుంటే పొడి రాలుతోంది. అందులో కలిసిన గంగవాయిలి కూర, ఆ కండకాడల మొక్క మాత్రం పడినచోటే తడి చూసుకుని వేళ్లు దింపింది. అంతకుముందు అది లేని సాళ్లలో కూడా ఇప్పుడు పచ్చగా కూర్చుంది. చేను చూసుకునే కొమురవ్వకు ఒళ్లు మండింది.

“దాన్ని పీకి పక్కన పడేస్తె సస్తదా బిడ్డా? ఒళ్లె ఏసుకొని గట్టు దాటించాలె.”

అక్కడ కలుపు తీసే ఆడవాళ్లందరూ చేసేది అదేనట. మిగతా కలుపును సాళ్లలోనే వదిలేస్తారు, దీన్ని మాత్రం ఒడిలో వేసుకుని చేను దాటిస్తారు. నస్రీన్ సిగ్గుపడింది. చున్నీని ఒడిలా కట్టుకుని, ఒక్కొక్క పచ్చ కాడనూ వెతికి ఏరేసరికి రెండు గంటలు పట్టింది.

కీమో చేసేది కూడా ఇదేనా అని అడిగింది. అలాగే అనుకో, చావడం మరచిన కణాలను వెతికి వాటికి ఆ సంగతి గుర్తు చేయడమే దాని పని అన్నారు ఆవిడ. సోమవారం అమ్మిని తానే తీసుకొస్తానంది నస్రీన్. అంటూనే ఏడ్చేసింది. అమ్మికి తన సొంత ఒళ్లే ఇంత ద్రోహం చేస్తుందనుకోలేదని వాపోయింది.

హైమవతి గారు వంగి, ఎండిన కలుపు గుప్పెడు తీసి ఆమె చేతిలో పెట్టారు.

“ఇవి ఎవరూ చెప్పకుండానే పోయాయమ్మా. మీ అమ్మిని యాభై రెండేళ్లు కాపాడింది ఇలా పోయిన కణాలే.”