గట్టు మీది అన్న పంపిన కబురు

కొండ కింద రాళ్ళు కొట్టుకుని వదిలేసిన క్వారీ గుంట అది. తొలకరి వానలకే నిండిపోయింది. నిండీ నిండగానే ఎక్కడెక్కడి కప్పలో వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళాయి. మినపగింజకు తోక తగిలించినట్టుండే పిల్లలు వందల్లో పుట్టాయి. వాటిలో ఒకదాని పేరు నల్లపూస.

నల్లపూసకు ఒక అన్న, గుండన్న. ఒకే గుడ్ల ముద్దలో పక్కపక్కన పుట్టారు. పొద్దస్తమానం ఒక పలకరాయి మీద పాచి గీరుకుని తినేవారు.

"నువ్వా చివర నుంచి రా, నేనీ చివర నుంచి వస్తా. మధ్యలో కలుద్దాం" అనేవాడు గుండన్న. కలిసేచోట పాచి దట్టంగా ఉండేది. అక్కడికి రాగానే అతనికి ఆకలి తీరిపోయేది. "నాకు చాలు, నువ్వు తిను" అనేవాడు.

చెల్లెలికంటే ముందే గుండన్నకు కాళ్ళు వచ్చాయి. తోక కరిగింది. పదిరోజుల్లో నీళ్ళలో ఉండలేని స్థితి వచ్చింది.

"వెళ్ళిపోతావా?" అంది నల్లపూస.

"ఎంతదూరం? ఈ గట్టు మీదికేగా! రోజూ కూర్చుని నీళ్ళలోకి తొంగిచూస్తాను. నువ్వు పైకి చూడు, కనబడతాను."

మూడు రోజులు కనబడ్డాడు. నాలుగోరోజు గట్టు ఖాళీగా ఉంది. ఐదోరోజూ అంతే. నల్లపూస పలకరాయి మీద కూర్చుని, కలిసేచోట పాచిని ముట్టకుండా అట్టే పెట్టింది. దారినపోయే ప్రతి పిల్లకూ ఒకటే చెప్పేది. "మేమిద్దరం కలిసేచోట ఈ పాచంటే మా అన్నకు ప్రాణం. అక్కడేం తింటున్నాడో, ఏమో!"

ఇంతలో తనకీ మొదలైంది. వెనక కాళ్ళు ఎప్పుడో వచ్చాయి, ఇప్పుడు ముందు కాళ్ళు చర్మం చించుకుని బయటపడ్డాయి. దానితోపాటే కడుపులో ఒకటే మెలిక. పాచి గీరే పళ్ళు రాలిపోయాయి. ఎలాగో ఓ ముక్క నోట్లో పెట్టుకుంటే బురద నమిలినట్టుంది. ఉమ్మేసింది. తర్వాత ఏడుపొచ్చింది.

రాతి సందులో కాపురముండే ముసలి ఎండ్రకాయ ఆ ఏడుపు విని బయటికొచ్చింది.

"ఎందుకే ఏడుస్తున్నావు?"

"అవ్వా, నేను చచ్చిపోతున్నాను. పాచి కూడా సయించడం లేదు."

"చావడం లేదు, మారుతున్నావు. ఏటా వానల్లో కాలేజీ నుంచి ఓ మేడం వచ్చి ఈ గట్టు మీదే పాఠం చెబుతుంది. ఆరేళ్ళుగా వింటున్నాను, విను. నీ గొంతు కింద చిన్న గ్రంథి ఉంది, థైరాయిడ్ అంటారు. అందులోంచి ఓ రసం నీ రక్తంలో కలిసింది. అదే రసం తోకకు చేరి కరిగిపొమ్మంటుంది, కాళ్ళకు చేరి ఎదగమంటుంది."

"మరి కడుపుకు ఏమంటుంది?"

"రెండూ అంటుంది. నీ పొట్టలో చుట్టచుట్టుకుని ఉందే పొడుగాటి పేగు, అది పాచి అరిగించడానికి పెట్టింది. గట్టు మీద అదెందుకు పనికొస్తుంది? అందుకని అందులోని కణాలు దాదాపు అన్నీ రాలిపోతాయి. కొన్ని మాత్రం మిగులుతాయి. అవి ఇన్నాళ్ళూ తామేం పని చేశాయో మరిచిపోయి పసివైపోతాయి. మూలకణాలంటారు వాటిని. మళ్ళీ వాటికి పుట్టిన కణాలతోనే పొట్టి పేగు తయారవుతుంది, పురుగుల్ని అరిగించేది. అప్పటిదాకా నీకు పస్తే."

"అయితే పాచి రుచి ఇంక తెలియదా?"

"రుచి తెలిసినా పేగు ఒప్పుకోదు."

"మా అన్నకూ అంతేనా?"

ఎండ్రకాయ వెనక్కి తిరిగింది. "వాడికి ముందే అయిపోయిందిగా తల్లీ" అని సందులోకి వెళ్ళిపోయింది.

నల్లపూస అట్టే పెట్టిన పాచిని చూస్తూ ఉండిపోయింది. అది ఎవరికోసమో ఇప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున నీరుకట్టె వచ్చాడు. నీళ్ళ అడుగున చప్పుడు కాకుండా తిరిగే పాము. ఆకలిగా ఉన్నప్పుడు మహా మర్యాదగా మాట్లాడతాడు.

"నల్లపూస అంటే నువ్వేనా అమ్మా? మీ అన్న గుండన్న కబురు చెప్పమన్నాడు."

"మా అన్న కనబడ్డాడా మావా? ఎలా ఉన్నాడు?"

"ఏం చెప్పను? చిక్కి సగమయ్యాడు. అదిగో, ఆ లోతులేని చోటికి వస్తే అవతల గట్టు వెంట నిలబడి ఉంటాడు. నా వీపు మీద ఎక్కు, దించేస్తాను."

నల్లపూస ముందుకు కదిలింది. సగం తోక, కొత్త కాళ్ళు, రెండూ సరిగ్గా పనిచెయ్యవు. ఈదలేక అలిసిపోయేది, గెంతడం ఇంకా రాదు. వీపెక్కితే ఎంత హాయి! నిజం కావాలని ఎంతగా కోరుకుందంటే, అడగకుండానే ఎక్కేసేదే. కానీ అన్న మాట ఇంకొక్కటి వినాలనిపించింది.

"ఇంకేమన్నాడు మావా?"

"ఇంకేముంది, ఒకటే కలవరింత. పలకరాయి మీద మనిద్దరం కలిసేచోట పాచి కావాలంటాడు. నోరూరి చచ్చిపోతున్నాడట. ఓ ముద్ద పట్టుకు రమ్మన్నాడు."

నల్లపూస ఆగిపోయింది. సగం మారిన తనకే ఆ పాచి బురదైపోయింది. పూర్తిగా మారినవాడికి దానికోసం నోరూరుతుందా? ఆ మాట గుండన్నది కాదు. ఊరంతా చెప్పుకు తిరిగిన తన మాటే ఇది. వీడు చాటున విన్నాడు. మొన్న "మా అక్క పిలుస్తోందట" అంటూ ఇలాగే వెళ్ళిన పిల్లలెవరూ తిరిగి రాలేదు.

ప్రాణం దక్కే దారి దొరికింది. కానీ దొరికినందుకు సంతోషం లేదు. అన్నకు ఆ పాచి ఇక అక్కర్లేదన్నది నిజమైతేనే నీరుకట్టె మాట అబద్ధం.

నీరుకట్టెతో అంది. "అయ్యో, తప్పకుండా తెస్తాను మావా. కానీ మంచి పాచి ఆ రాతి సందులో ఉంది. నా పళ్ళు రాలిపోయాయి, నువ్వే కాస్త పీకి పెట్టు. పీకగానే వీపెక్కేస్తాను."

"అంతేనా!" అని నీరుకట్టె తల సందులోకి దూర్చాడు.

లోపల ఎండ్రకాయ నిద్రలో ఉంది. నిద్రలో ఎవరైనా ముఖమ్మీదికొస్తే దానికి మహా కోపం. పటకారులాంటి డెక్కతో ముక్కు పట్టేసింది. నీరుకట్టె వెనక్కి గుంజుకుంటాడు, అది ఇంకా బిగిస్తుంది. తోక రాళ్ళకేసి బాదుకున్నాడు. నీళ్ళన్నీ బురదయ్యాయి. చివరికి ముక్కు మీద తోలు కొంత అక్కడే వదిలేసి, పక్కనున్న కాలవలోకి పాక్కుంటూ పారిపోయాడు. మళ్ళీ ఆ గుంటలో కబుర్లు చెప్పలేదు.

వారం పస్తు తర్వాత నల్లపూస గట్టెక్కింది. గడ్డిలో వెతగ్గా వెతగ్గా ఓ గులకరాయి పక్కన గుండన్న కనబడ్డాడు. అతను పోల్చుకోలేదు. పేరు చెబితే కళ్ళు పెద్దవి చేశాడు.

"రోజూ వస్తానన్నావు. ఎందుకు రాలేదు?" అంది నల్లపూస.

గుండన్న ఓ అడుగు వెనక్కి జరిగాడు.

"నాలుగోరోజు నువ్వు పైకి చూడకముందే వచ్చాను. నీళ్ళలో నువ్వు కదిలావు. నాకు ఆకలేసింది చెల్లీ. నాలుక దానంతటదే బయటికొచ్చింది. ఇంకెప్పుడూ గుంట వైపు రాకూడదని అక్కణ్ణించే పరిగెత్తాను."

నల్లపూస అతని పక్కకు జరిగి, ఒళ్ళూ ఒళ్ళూ తగిలేలా కూర్చుంది. చీమ ఒకటి ముందునుంచి వెళుతోంది. ఇద్దరికీ ఒకేసారి నోరూరింది.

"నువ్వు తిను, నాకు చాలు" అంది నల్లపూస.

మన బెంగనే మనకు తిరిగి వినిపించేవాడు మనవాళ్ళ కబురు తెచ్చినవాడు కాడు.