చెవుడులో చెవి

కోటసీమను ఏలే కేశవభూపతికి మాటల పుట్టుక మీద మహా పిచ్చి. ఎవరు మొర చెప్పుకోవడానికి వచ్చినా, ఆయన అడిగే ప్రశ్నకు జవాబు చెబితేనే ఆ మొర తీరేది.

ఆ రోజు కంచరి నాంచారమ్మ వచ్చింది. ఇత్తడి బిందెలు కొట్టీ కొట్టీ ఆమెకు ఎప్పుడో చెవులు పోయాయి. ఆ సంగతి రాజుకు తెలియదు. ఆమె చేతులు జోడించి తన గోడు చెప్పుకుంటూ ఉంటే, ఆయన కొత్త ప్రశ్న ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆమె ముగించగానే మీసం దువ్వాడు.

"గుడ్డి అనే మాటలో కన్ను లేదు. మూగ అనే మాటలో నోరు లేదు. మరి చెవుడు అనే మాటలో చెవి ఎందుకుంది? చెప్పవే!"

"చెబుతాను దొరా. ముందు, నేను ఇందాకటి నుంచీ ఏమని మొరపెట్టుకున్నానో తమరు సెలవివ్వండి."

రాజు నోరు తెరిచాడు. ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"నాకు చెవుడు దొరా. తమరి ప్రశ్న పెదాలు చూసి తెలుసుకున్నాను. తమరి చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అయినా, మా పేట కాలువను తమరి కొలనుకు మళ్ళించారనీ, మా పిల్లలు బురదనీళ్ళు తాగుతున్నారనీ తమరికి వినబడలేదు. చెవి ఉన్నంత మాత్రాన వినబడదని గుర్తుండాలనే పెద్దలు ఆ మాటలో చెవిని ఉంచేశారు."

మాటల లోతు తనకే తెలుసని ఇన్నేళ్ళూ విర్రవీగిన రాజు సింహాసనం దిగి వచ్చి, తన పెదాలు ఆమెకు బాగా కనబడేలా ఎదురుగా నిలబడ్డాడు.

"మళ్ళీ చెప్పమ్మా," అన్నాడు నెమ్మదిగా. "వింటాను."