నాంచారమ్మ కట్టిన కాడి

అనగనగా, వాన చుట్టపు చూపుగా వచ్చిపోయే ఒక సీమ. అక్కడ రాజుగారు ఏటేటా బండలాగుడు పందెం పెట్టేవారు. రాతిబండకు మోకు కట్టి, ఎడ్ల జతతో గీత దాటించాలి. గెలిచినవారికి కాలువ తూము తాళం దక్కేది. ఆ ఏడు నీళ్లు ఎవరికి వదలాలన్నది వాళ్ల ఇష్టం.

ఎన్నో ఏళ్లుగా ఆ తాళం వీరబసప్ప మొలకే వేలాడుతోంది. తన మడి తడవగానే తూము మూసేసేవాడు. దిగువవాళ్ల పైరు ఎండుతున్నా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆ దిగువవాళ్లలో నాంచారమ్మ ఒకతె. ఈసారీ నీళ్లు రాకపోతే ఆమె నారు మాడిపోతుంది.

అందుకే తన ఎడ్లను తోలుకుని పందేనికి వచ్చింది. మల్లడు కొండంత ఎద్దు. గువ్వడు వాడి భుజానికి కూడా రాడు. ఆ జతను చూసి జనం ముసిముసిగా నవ్వారు.

వీరబసప్ప ఎడ్లు గీతకు జానెడు దూరంలో చతికిలబడ్డాయి. ఇక నాంచారమ్మ వంతు. ఎవరికైనా మూడుసార్లే అవకాశం.

మొదటిసారి మల్లడు ఒక్కడే ముందుకురికాడు. కాడి వంకరపోయి, బండ ఉన్నచోటే గిర్రున తిరిగింది. రెండోసారి గువ్వడు పౌరుషానికి పోయి, శక్తికి మించి లాగి మోకాళ్ల మీద పడ్డాడు.

మల్లడు బుసకొట్టాడు. "అమ్మా, వీణ్ణి విప్పెయ్. నేనొక్కణ్ణే గెలుస్తాను."

గువ్వడు తల వంచుకున్నాడు. నాంచారమ్మ వాడి మోకాళ్ల దుమ్ము కొంగుతో తుడిచింది.

"నువ్వు ఓడించాల్సింది గువ్వణ్ణి కాదు నాయనా, ఆ బండని" అంది మల్లడితో.

తర్వాత కాడి నడుమ ఉన్న మోకు ముడి విప్పి, మల్లడి వైపు కాస్త జరిపి కట్టింది. బలమున్నవాడి మెడ మీద బరువు పెరిగింది, చిన్నవాడికి తగ్గింది. ఇద్దరి అడుగూ కలిసేదాకా కదలొద్దని చెప్పింది.

మూడోసారి రెండు ఎడ్లూ ఒక్క ఎద్దులా నడిచాయి. బండ మూలిగింది, కదిలింది, గీత దాటింది. డప్పులు మోగాయి. నవ్విన జనమే ఎడ్ల మెడల్లో దండలు వేశారు.

తాళం నాంచారమ్మ చేతికి వచ్చింది. ఇక తన మడికి చుక్క నీరు కూడా రాదని వీరబసప్ప ముఖం మాడిపోయింది.

"దిగులుపడకు బసప్పన్నా. చివరి మడితో మొదలుపెట్టి నీ మడి దాకా తడుపుతాను" అంది ఆమె.

ఆ ఏడు సీమంతా పచ్చగా పండింది. మల్లడు మాత్రం ఆ తర్వాత ఎన్నడూ గువ్వడి అడుగు కలవకుండా కదల్లేదు.

పక్కవాణ్ణి వెనక్కి నెట్టడం గెలుపు కాదు పిల్లలూ, పక్కవాడితో కలిసి బరువును కదిలించడమే గెలుపు.