రెండు నాడెలు, ఒక చీర

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక సాలెవీధి. ఆ వీధిలో కోడి కూతకన్నా ముందు మగ్గాల చప్పుడే వినిపించేది. అక్కడ మార్కండేయులు అనే నేతగాడూ, పేరంటాలు అనే అతని పెళ్ళామూ ఉండేవాళ్ళు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ మొండివాళ్ళే. ఊఁ కొట్టమ్మా, కళ్ళు మూసుకునే కొట్టు, పరవాలేదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం. ఏటా జాతరనాడు అమ్మవారికి రెండు చీరలు పెట్టాలి. పొద్దున ఎర్రది కట్టాలి, సాయంత్రం ఆకుపచ్చది కట్టాలి. ఒక్కో ఏడు ఒక్కో ఇంటి వంతు. వంతు వచ్చినవాళ్ళు చీరలు పెట్టలేకపోతే ఆ వంతు పక్కింటికి పోతుంది, ఇక ఎప్పటికీ తిరిగి రాదు. ఆ ఏడు మార్కండేయులు ఇంటి వంతు. పక్కింటి వీరాస్వామి దాని మీదే కన్నేసి కూర్చున్నాడు.

జాతరకి ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి. ఒక చీర నెయ్యడానికి పది రోజులు. మగ్గమేమో ఒక్కటే. అంటే చేతిలో మిగిలేది ఒకే ఒక్క రోజు. ఆ రోజంతా ఏ చీర ముందు నెయ్యాలనే పోట్లాటలోనే పోయింది.

“పొద్దున కట్టేది ఎర్రది కాబట్టి ముందు ఎర్రదే. మా నాన్న అలాగే నేశాడు” అన్నాడు మార్కండేయులు.

“సాయంత్రానికి జనం కళ్ళు అలిసిపోయి ఉంటాయయ్యా. అప్పుడు కట్టేది ఇంకా బాగుండాలి. చేతులు అలవకముందే ఆకుపచ్చది నెయ్యాలి” అంది పేరంటాలు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది చూశావా? అదే పెద్ద చిక్కు. ఒకళ్ళది తప్పయితే పోట్లాట తొందరగా తేలిపోతుంది.

అప్పుడు మార్కండేయులు ఎవరి మాటా వినకుండా మగ్గం మీద ఎర్ర పడుగు ఎక్కించాడు. పడుగంటే నిలువు దారాలు. పేరంటాలు కండెలు చుట్టడం మానేసి గుమ్మంలో కూర్చుని చింతకాయలు కొట్టుకుంది. పడుగు మధ్య అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళేది నాడె. దారం చుట్టిన కండె లేకపోతే నాడెలో దారమే ఉండదు, ఇంకేం నేస్తాడు? ఉత్త నాడె అటూ ఇటూ తోసుకుంటూ మూడు రోజులు బిగుసుకుని కూర్చుని, నాలుగో రోజు దిగిపోయాడు.

ఆ తర్వాత పేరంటాలు మగ్గం ఎక్కింది. ఆకుపచ్చ పడుగు వేసింది. మార్కండేయులు ఆ పడుగుకి గంజి పెట్టలేదు. గంజి తాగని దారం ఎంతసేపు ఆగుతుంది? ఒకటి అతికేలోపు నాలుగు తెగేవి. అలా ఇంకో మూడు రోజులు పోయాయి.

అప్పుడు ఇద్దరూ కలిసి ఒక గొప్ప ఉపాయం పన్నారు. పడుగులో సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. ఎడమ పక్కన ఆయన, కుడి పక్కన ఆవిడ. ఎవరి నాడె వాళ్ళది, ఎవరి సగం వాళ్ళది. ఒకరి మొహం ఒకరు చూడకుండా మూడు రోజులు టకటకా నేసేశారు. తీరా ఎత్తి చూస్తే ఏముంది, గుడ్డ నడిమికి చీలి రెండు పేలికలై వేలాడింది! ఆయన పోగు ఆవిడ పోగుని ఒక్కసారీ తాకలేదు మరి.

వీరాస్వామి గోడ మీంచి తొంగి చూశాడు. “ఏం వదినా, అమ్మవారికి చీర వద్దని రెండు తువ్వాళ్ళు నేశారా?” అన్నాడు.

“నీ మొహం తుడుచుకోడానికి ఒకటి ఇస్తాలే మరిదీ, వెళ్ళు” అంది పేరంటాలు. అన్నదే గాని, లోపలికొచ్చి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. ఉన్నవి పదకొండు రోజులే. రెండు చీరలు ఇంక అయ్యే పని కాదు.

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇద్దరూ ఆ చీలిక ముందే కూర్చున్నారు. ఎవరు ముందు తగ్గారో నాకు తెలీదు. ఆయన్నడిగితే నేనే అనేవాడు, ఆవిడనడిగితే నేనే అనేది.

“నీ నాడె మధ్యకి వచ్చి ఆగాలి” అన్నాడు మార్కండేయులు.

“నీదీ ఆగాలి” అంది పేరంటాలు.

“నాదీ ఆగుతుంది. నా పోగు నీ పోగుని చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది.”

చీలిన గుడ్డ కోసేసి, మిగిలిన పడుగు చాలనందుకు కొత్త దారం అతికారు. దానికే ఒక రోజు పట్టింది. మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ప్రతి పోగుకీ ఆయన ఒకసారి ఆగడం, ఆవిడ ఒకసారి ఆగడం. సర్దుకుపోవడమంటే ఆడది నోరు మూసుకోవడమని ఎవరైనా నీతో అంటే, ఈ మగ్గం సంగతి చెప్పు తల్లీ. ఒక్కళ్ళే ఆగితే ఆ గుడ్డ మళ్ళీ చీలిపోయేది.

మొదటి రోజు మూతులు ముడుచుకునే నేశారు. రెండో రోజు తిట్టుకుంటూ నేశారు. మూడో రోజు ఆవిడ పాడుతుంటే ఆ పాట దరువుకి ఆయన చెయ్యి దానంతటదే ఆగింది. పది రోజులకి చీర దిగింది. కానీ ఒక్కటే చీర.

జాతరనాడు గుళ్ళో వీధి పెద్ద అప్పలస్వామి తాత చెయ్యి చాచాడు. “రెండోదేదిరా?”

మార్కండేయులు ఉన్న ఆ ఒక్క చీరే ముందు పెట్టాడు. వీరాస్వామి కొత్త కండువా వేసుకుని మరీ ముందుకొచ్చి, “వంతు నాకు రాసెయ్యి తాతా” అన్నాడు.

అమ్మవారి విగ్రహం నీ అంతే ఉంటుంది. అందుకని ఏ చీరైనా నిలువునా సగానికి మడిచే కట్టాలి. ఆ ఒక్కటైనా కట్టాలి కదా అని, ఏడుపు దిగమింగుకుంటూ పేరంటాలు ఒక కొస పట్టుకుంది, మార్కండేయులు రెండో కొస పట్టుకున్నాడు. మడత సరిగ్గా ఆ కలిసిన గీత మీదే పడింది. పైన అంతా ఎరుపు, ఆకుపచ్చ చుక్కైనా కనపడలేదు.

మార్కండేయులు లోపలి వైపు చూశాడు. చూసి గట్టిగా అరిచాడు. “పేరంటాలూ! మడత తిప్పు, ఇటు తిప్పవే!”

ఆవిడ తిప్పింది. చీరంతా నిండు ఆకుపచ్చ!

“ఇదిగో తాతా, పొద్దుటి చీర. ఇదే సాయంత్రం చీర. చూసుకో!” అంది పేరంటాలు. ఏడుపు ఎటు పోయిందో, గొంతు గుడి దాటి బజారు దాకా వినిపించింది.

“ఒకటి ఒకటే, రెండెలా అవుతుంది? అతుకుల గుడ్డ, ఒక్క గుంజుకి ఊడిపోతుంది” అన్నాడు వీరాస్వామి.

“అయితే గుంజు మరిదీ.”

వీరాస్వామి ఒక పక్క, అతని తమ్ముళ్ళిద్దరూ ఇంకో పక్క పట్టుకుని గుంజారు. చేతులు జారి ముగ్గురూ వెల్లకిలా పడ్డారు గాని, ఒక్క పోగైనా సడలలేదు. అప్పుడు అప్పలస్వామి తాత ఆ గీతని వేలితో నిమిరి, “రెండు రంగులు అడిగింది అమ్మవారు. రెండూ వచ్చాయి. వంతు ఈ ఇంటిదే” అన్నాడు.

డప్పులు మోగాయి. ఆ పొద్దున అమ్మవారు ఎర్రగా మెరిసింది, సాయంత్రం పచ్చగా మెరిసింది. వారం తిరక్కుండా వీధిలో ఆడవాళ్ళందరూ మొగుళ్ళని రెక్క పట్టుకుని లాక్కొచ్చి మగ్గానికి రెండో పక్కన కూర్చోబెట్టారు. ముందుగా నేర్పమని వచ్చింది ఎవరనుకున్నావు? వీరాస్వామి పెళ్ళామే! పేరంటాలు నేర్పింది కూడాను.

కథ నడిచి కంచి చేరె,
కన్ను మూసి పాప సోలె,
పోగు పోగు ముడిపడె,
పోట్లాటే ఓడిపోయె!