నూకాలు గీత

రాజులకి మేడలు, మనకి అరుగులు ఉన్న కాలంలో ఒక ఊళ్ళో నూకాలు అనే మనిషి ఉండేది. గుట్ట నుంచి ఎర్రమట్టి తెచ్చి ఊరందరి అరుగులూ అలకడం ఆమె పని. ఆమె అలికితే అద్దమే. ఆ ఊళ్ళో వీధీ ఎరుపే, అరుగూ ఎరుపే, ఎటు చూసినా ఎరుపే.

ఆ ఎరుపే రామినాయుడి తల్లి చిట్టెమ్మ కొంప ముంచింది. ముసలితనంతో చూపు మసకేసి, అరుగు ఎక్కడ ఆగుతుందో ఆమెకి తెలిసేది కాదు. మొదటిసారి పడితే మోచెయ్యి దోక్కుపోయింది. రెండోసారి పడితే ఉన్న రెండు పళ్ళలో ఒకటి ఊడింది. మూడోసారి పడ్డాక, ఇక అరుగు దిగొద్దని కొడుకు గట్టిగా చెప్పేశాడు.

ఎదురింట్లో ఆమె నేస్తం కాళ్ళు పడిపోయి మంచంలో ఉంది. చిన్నప్పటినుంచీ ఒక్క చుట్టని ఇద్దరూ పంచుకుని కాల్చిన మనుషులు. వీధి దాటలేక చిట్టెమ్మ బెంగతో అన్నం మానేసింది.

అలకడానికి వచ్చిన నూకాలు అది చూసి ఊరుకోలేకపోయింది. ఎర్రటి అరుగు అంచున జానెడు వెడల్పున సున్నం గీత లాగింది. ఆ ఊళ్ళో అరుగుకి సున్నం గీత గీసేది మనిషి పోయిన ఇంటికే. ఆ సంగతి తెలిసే గీసింది మహాతల్లి.

పొలం నుంచి వచ్చిన రామినాయుడు గీత చూడగానే లోపలికి పరిగెత్తాడు. తల్లి బతికే ఉందని చూసుకున్నాక ఒళ్ళు మండింది.

"ఏటే నూకాలూ, మాయమ్మ బతికుండగానే గీత గీసేత్తావా? ఇంక ఈ ఊళ్ళో ఏ అరుగూ ముట్టుకోకు" అని తడిగుడ్డ తీశాడు.

"తుడవకురా నాయనా. ఆ గీత నాకు అవుపడతంది" అంది చిట్టెమ్మ.

గీత దాకా వచ్చి ఆగింది. ఒక కాలు దింపింది. రెండో కాలు దింపింది. కర్ర తాటించుకుంటూ ఎదురింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల ఇద్దరు ముసలమ్మల నవ్వులు వినబడ్డాయి. రామినాయుడు తడిగుడ్డ పక్కన పెట్టి ఏడ్చేశాడు. ఆ ఎదురింటి అరుగుకి కూడా గీత వెయ్యమని తనే నూకాల్ని బతిమాలాడు. మరుసటేడాదికి ఊళ్ళో గీత లేని అరుగు లేదు.

కొన్నేళ్ళకి నూకాలు పోయింది. ఊరి అరుగులన్నీ అలికిన మనిషి గుడిసెకి అరుగే లేదు. మరి గీత ఎక్కడ గీయాలి? జనం ఇళ్ళకి పోయి, ఎవరి అరుగుకి వాళ్ళు కొత్తగా సున్నం వేసుకున్నారు. ఆ రోజు ఊరంతటికీ ఒకటే దుఃఖం.

ఇప్పటికీ ఆ వైపు అరుగుకి ఎర్రమట్టి, అంచుకి సున్నం. ముసలివాళ్ళు గీత మీద కాలు ఆనించి, "నూకాలూ, దిగుతన్నానే" అని చెప్పి మరీ దిగుతారు. పడ్డవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళు చెప్పకుండా దిగినవాళ్ళట.