పరువుగలవారి చేగోడీలు

గంధవరం మహారాజుగారికి ఆ పూట ఉన్నట్టుండి పరువు గుర్తొచ్చింది. గుర్తు చేసినవాడు ధర్మాధికారి వీరభద్రయ్య.

"ప్రభూ, పోయిన మన ఆస్థాన పండితుడి భార్య అచ్చమ్మ కోటగుమ్మం దగ్గర చేగోడీలు అమ్ముతోంది. పెద్దింటి ఆడది బుట్ట పట్టుకుని వీధిన పడితే సంస్థానం పరువేం కావాలి?"

"మరి ఆవిడ పిల్లలు ఏం తినాలండీ?" అని అడిగాడు విదూషకుడు పేరయ్య.

"పస్తుంటే ఎవరికి తెలుస్తుంది? అమ్మితే ఊరందరికీ తెలుస్తుంది!" అన్నాడు వీరభద్రయ్య.

సభ మెచ్చుకోలుగా తలలూపింది. ఆ బుట్ట లేకపోతే అచ్చమ్మ ఇంట పొయ్యి వెలగదని అక్కడ తెలియనివాడు లేడు. తెలిసే ఊపారు. పరువంటే అదే మరి! పేరయ్యకి ఒళ్లు మండిపోయింది.

"ఇంతకీ కొనేదెవరు?" అన్నారు మహారాజు.

"అలగా జనం, ప్రభూ. పరువున్నవాడెవడూ ఆ బుట్ట వంక కన్నెత్తి చూడడు," అన్నాడు వీరభద్రయ్య.

"చూడం, చూడం," అంది సభంతా.

"అయితే రేపటినుంచి ఆ బుట్ట అక్కడ కనబడకూడదు."

పేరయ్య చేతులు జోడించాడు. "దివ్యమైన ఆజ్ఞ, ప్రభూ. ఇంకా నయం, మన సభలో ఎవరూ అవి తినలేదు."

"ఏం, ఏమైంది?"

"పొద్దున ఆ పిండిలో బల్లి పడిందట."

సభ బిగుసుకుపోయింది. సేనాపతి గొంతు పట్టుకున్నాడు. ఖజానా అధికారి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. వీరభద్రయ్యయితే స్తంభాన్ని కావలించుకుని బావురుమన్నాడు.

"వైద్యుణ్ణి పిలవండి! పొద్దున్నే పెరటిదారిన రెండు దోసిళ్లు తెప్పించుకుని తిన్నానురా దేవుడా!"

"కంగారు పడకండి. బల్లీ లేదు, గిల్లీ లేదు," అన్నాడు పేరయ్య. "అచ్చమ్మగారి పిండి మీ పరువుకన్నా శుభ్రంగానే ఉంటుంది."

మహారాజు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు రాకముందే ఆయన పొట్ట పట్టుకున్న సంగతి పేరయ్య చూశాడు గాని, చూడనట్టు ఊరుకున్నాడు. విదూషకుడికీ పొట్ట ఉంటుంది కదా.

నవ్వుతూనే మహారాజు చేతి కంకణం తీసి పేరయ్యకిచ్చారు. కోటగుమ్మం పక్కన నీడపట్టున ఉన్న అరుగు అచ్చమ్మకి రాసిచ్చారు.

"వీరభద్రయ్యా, ఇకమీదట నువ్వే పట్టపగలు ఆ అరుగు ముందు నిలబడి కొనుక్కో," అని, కాస్త గొంతు తగ్గించారు. "వస్తూ వస్తూ నాకూ నాలుగు పట్రా."